గ్రానైట్ గుట్టల్ని గాలి చెక్కలేదు, మూర్ నేల పుట్టుకతో బోడిది కాదు

"ఇంగ్లండ్‌లో డార్ట్‌మూర్ లాంటి చోట్ల కొండ నెత్తిన పేర్చినట్టుండే గ్రానైట్ రాళ్లు, చుట్టూ మూర్ అనే చెట్టన్నది లేని నేల ఎలా వచ్చాయి, అంతా గాలి కోతేనా?" అని అడిగారు. చాలామంది గాలి అనే చెబుతారు. గాలికి అంత సీన్ లేదండీ. ఆ రాళ్లకి ఆకారం వచ్చింది నేల లోపల, నీళ్ల వల్ల. అవి బయటపడి గాలి తగిలేసరికే అసలు పని అయిపోయింది.

నాకిది బాగా తలకెక్కింది మా మేనమామ వల్ల. ఆయన రోడ్ల కాంట్రాక్టర్, సగం జీవితం క్రషర్ల దగ్గరే గడిపాడు. మా దగ్గరికి వచ్చినప్పుడు డార్ట్‌మూర్ తీసుకెళ్లాను. అక్కడి హౌండ్ టార్ అనే గ్రానైట్ గుట్ట చూసి "ఎవరో క్రేన్ పెట్టి పేర్చార్రా" అన్నాడు, నేనేమీ వాదించలేదు. తర్వాత టూ బ్రిడ్జెస్ అనే చిన్న ఊరి దగ్గర ఒక పాత చిన్న క్వారీ ఉంటే అక్కడ ఆపాను. ఆ కోతలో గట్టి గుండ్లు అక్కడక్కడా ఇరుక్కుని ఉంటాయి, వాటి మధ్యంతా చూడ్డానికి గ్రానైటే, గింజలూ అలాగే కనిపిస్తాయి. మామయ్య కింద రాలిపడున్న పెళ్ల ఒకటి తీసి పిడికిట్లో నలిపాడు, పొడైపోయింది. "ఒరేయ్, ఇది మొరం రా! ఒకప్పుడు ఇదంతా ఒకటే బండ. గుండ్లు నిలబడ్డాయి, మిగతాది కుళ్లింది" అన్నాడు. కాసేపాగి, "ఈ మొరం కొట్టుకుపోతే గుండ్లన్నీ ఒకదాని మీద ఒకటి దిగబడతాయి. ఇందాక చూసిన గుట్ట అదే గదా మరి" అని తనే తేల్చేశాడు. డేవిడ్ లింటన్ అనే భూగోళ శాస్త్రవేత్త 1955లో చెప్పిన సిద్ధాంతం సారాంశం కూడా ఇదే. మామయ్యకి ఆయన పేరు కూడా తెలియదు.

వివరంగా చెప్పాలంటే, దాదాపు 28 కోట్ల ఏళ్ల కిందట, ఖండాలు ఢీకొని పర్వతాలు లేచిన కాలం చివర్లో, కరిగిన రాయి కొన్ని కిలోమీటర్ల లోతులో ఆగిపోయి నెమ్మదిగా చల్లారింది. అంత నెమ్మదిగా చల్లారింది కాబట్టే అందులో ఫెల్డ్‌స్పార్ అనే తెల్లటి ఖనిజం గింజలు వేలెడంత కూడా కనిపిస్తాయి. చల్లారి కుంచించుకుపోవడంతో నిలువు చీలికలు పడ్డాయి. మీదున్న రాయి కోట్ల ఏళ్లలో అరిగిపోయి బరువు తగ్గేసరికి అడ్డ చీలికలు తెరుచుకున్నాయి. వాన నీరు మట్టిలోని ఆమ్లాన్ని కలుపుకుని ఈ చీలికల్లో దిగి ఫెల్డ్‌స్పార్‌ని బంకమట్టిగా మార్చేస్తుంది, క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజం మాత్రం ఇసకలా మిగులుతుంది. మూలల్ని రెండు మూడు పక్కల నుంచి తింటుంది కాబట్టి గుండ్రమవుతాయి. చీలికలు దగ్గర దగ్గరగా ఉన్నచోట రాయి మొత్తం మొరమైపోతుంది, ఎడంగా ఉన్నచోట గుట్ట నిలబడుతుంది. ఎక్కడ గుట్ట, ఎక్కడ లోయ అన్నది చాలావరకు ఈ చీలికల లెక్కే.

తర్వాత మంచు యుగాలు. పెద్ద మంచు పలకలు ఇంత దక్షిణానికి రాలేదు గానీ నేల గడ్డకట్టింది, వేసవిలో పైపొర కరిగి బురదలా వాలు కిందకి జారింది. మొరం దాంతో పోయింది, చీలికల్లో గడ్డకట్టిన నీరు బండల్ని పగలగొట్టి వాలు నిండా దొర్లించింది. 1962లో పామర్, నీల్సన్ అనే ఇద్దరు అసలు ముందు కుళ్లడమే అక్కర్లేదు, చలి ఒక్కటే చాలు అన్నారు. ఆ పెళ్లని చేత్తో నలిపి చూసినవాళ్లెవరూ ఒప్పుకోరని నా అభిప్రాయం.

గుట్టల నెత్తిన గిన్నెల్లాంటి గుంటలు కూడా ఉంటాయి. పాతకాలం పండితులు కొందరు అవి డ్రూయిడ్లు అనే ప్రాచీన కెల్టిక్ పూజారులు చెక్కినవని రాసేశారు. వాన నీరు నిలిచి, గడ్డకట్టి, కరిగి తొలిచినవి, అంతే.

ఇక మూర్ నేల. దాన్ని "మనిషి చెయ్యి పడని ప్రకృతి" అంటే నాకు ఒళ్లు మండుతుంది. మంచు యుగం అయ్యాక అక్కడ ఓక్, బిర్చ్, హేజెల్ అడవి పెరిగింది. వేటగాళ్లు కాల్చారు, ఆ తర్వాత కంచు యుగం రైతులు నరికారు, సుమారు 3500 ఏళ్ల కిందట మైళ్ల కొద్దీ రాతి గట్లు వేసి నేల పంచుకున్నారు. గ్రిమ్స్‌పౌండ్ అనే ఆ కాలపు ఊరి శిథిలాల్లో 24 గుండ్రటి ఇళ్ల పునాదులు ఇప్పటికీ ఉన్నాయి. గ్రానైట్ మీద మట్టి ఎలాగూ పలచన, పుల్లన. చెట్లు పోయాక వాన సారమంతా కిందకి కడిగేసింది, లోపల ఇనుము గట్టి పొరగా పేరుకుని నీళ్లు దిగనివ్వలేదు. వాతావరణం కూడా చల్లబడి తడి పెరిగింది. తడిలో గడ్డీ నాచూ పూర్తిగా కుళ్లక పీట్ అనే నల్లటి మెత్తటి పొరగా పేరుకున్నాయి, ఎత్తైన చోట్ల అది ఇంకా ముందే మొదలైంది. డార్ట్‌మూర్‌లోని ప్రిన్స్‌టౌన్ ఊరి వైపు ఏడాదికి దాదాపు 2000 మిల్లీమీటర్ల వాన, ఇంకెక్కడ ఆరుతుంది?

ఇప్పుడు దాన్ని బోడిగా ఉంచుతున్నది ముఖ్యంగా గొర్రెలు, పశువులు, పోనీలనే పొట్టి గుర్రాలు, మధ్యమధ్యలో పెట్టే మంటలు. నమ్మకపోతే అక్కడే ఉన్న విస్ట్‌మన్స్ వుడ్ అనే చిన్న అడవి చూడండి. అదే ఎత్తు, అదే వాన, అయినా బండల సందుల్లో గొర్రెల నోరు అందని చోట పొట్టి ఓక్ చెట్లు వంకర్లు తిరిగి బతికేస్తున్నాయి.