నింపిన బస్తా ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: మా ఆఫీసు వాళ్లు వచ్చే నెల మూడో శనివారం చింతపల్లి బీచ్‌లో చెత్త ఏరడానికి వెళ్తున్నారు. నాకూ వెళ్లాలని ఉంది. మా ఆయనేమో "అదంతా ఫొటోల కోసం, వారం తిరిగేసరికి మళ్లీ అదే చెత్త" అంటున్నారు. నిజమేనా? ఎనిమిదేళ్ల పాపని తీసుకెళ్లొచ్చా? ఏమేం పట్టుకెళ్లాలి?
– ఓ పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ ఆయన అన్నది సగం నిజమేనమ్మా. చెత్త మళ్లీ వస్తుంది. ఎందుకంటే అదంతా పిక్నిక్కి వచ్చినవాళ్లు పడేసిందే కాదు. నెల్లిమర్ల దగ్గర చంపావతిలో పడేసిన షాంపూ ప్యాకెట్టు నాలుగు వానలు పడ్డాక కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది, అక్కణ్నుంచి అల ఎటు తోస్తే అటు ఒడ్డుకి చేరుతుంది. నాగావళి, వంశధార కూడా చేసేది అదే. అలాగని ఏరడం దండగా అంటే కాదు, ఏరిన చెత్త మళ్లీ ఒడ్డు పాలు కాకుండా చూసుకోకపోవడం దండగ. కాబట్టి వెళ్లే ముందు మీ ఆఫీసు వాళ్లని ఒక్కటే అడగండి, నింపిన బస్తాలు ఎక్కడికి పోతాయి, ఎవరు తీసుకెళ్తారు అని.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నదే. రెండేళ్ల కిందట శ్రీకాకుళం వైపు ఓ బీచ్‌లో మేం ఇరవై మందిమి పొద్దున్నే దిగి, ముప్ఫై ఎరువు బస్తాలు నింపి, సరుగుడు తోట పక్కన వరసగా పేర్చి, వాటి ముందు నిలబడి ఫొటో తీయించుకుని, పులిహోర తిని ఇళ్లకి వచ్చేశాం. ట్రాక్టరు వస్తుందన్నారు. రాలేదు. పది రోజుల తర్వాత అటువైపు పని పడి వెళ్తే బస్తాలన్నీ కుక్కలు, ఆవులు చింపేసి ఉన్నాయి, మేం ఏరిన కవర్లే మళ్లీ ఇసకంతా పరుచుకున్నాయి. చాలా రోజులు ట్రాక్టరు వాళ్లనే తిట్టుకున్నాను, కానీ మేం వాళ్లకి కబురు చెప్పిందే ముందు రోజు రాత్రి! మీరు వెళ్లేది మూడో శనివారం కదా, 2025 జనవరి నుంచి ప్రతి నెలా అదే రోజున రాష్ట్రమంతా స్వచ్ఛాంధ్ర కార్యక్రమం పెట్టుకున్నారు. పంచాయతీ వాళ్లు ఎలాగూ ఆ పని మీదే ఉంటారు. నాలుగైదు రోజుల ముందే వెళ్లి మాట్లాడితే బండి దొరకడం తేలిక.

రెండో తప్పు కూడా చెప్పేస్తాను. అదే రోజు పడవల పక్కన కుప్పగా, రంగు వెలిసిపోయిన ఓ వల కనిపిస్తే చెత్తే అనుకుని ఇద్దరం పట్టి లాగుతున్నాం. ఒకావిడ చేపల గంప పక్కన పెట్టి పరుగున వచ్చింది. "ఏటి బాబూ, అది మా వల. బాగు చెయ్యాలని ఏసినాం. చెత్తలాగుందేటి మీకు?" అంది. మా మొహాలు చూడాలి. కాబట్టి ముందు ఊళ్లోవాళ్లని ఇద్దరు ముగ్గురిని కలవండి. ఏ వల పనికొస్తుందో, ఏది పారేసిందో వాళ్లే చెప్తారు, వాళ్లలో ఒకరిద్దరు మీతో చెయ్యి కలిపినా కలుపుతారు. ఇసకలో సగం కూరుకుపోయిన వలని బలంగా పీకకండి, నడుం పట్టేస్తుంది. పైకి కనిపించినంతవరకు కత్తితో కోసి తీయండి.

పట్టుకెళ్లాల్సినవి పెద్దగా లేవు. మందపాటి గ్లౌజులు, కాళ్లని పూర్తిగా కప్పే బూట్లు, టోపీ, ఇంట్లోంచి స్టీలు సీసాలో నీళ్లు. (బీచ్ శుభ్రం చేసే చోటే వాటర్ ప్యాకెట్లు పంచిన మహానుభావుల్ని చూశాను.) సీసా పెంకులకి బస్తా పనికిరాదు, పాత పెయింటు బకెట్టు ఒకటి పెట్టుకోండి. ప్రతి కవరూ దులిపి వెయ్యండి, తడి ఇసకతో నిండిన బస్తాని నలుగురు పట్టినా లేవదు. నీళ్ల సీసాలు విడిగా వేస్తే పాత సామాన్లవాడు తీసుకుంటాడు, చిప్స్ ప్యాకెట్లు మాత్రం ఎవరూ ముట్టరు, వాటి కోసమే ఆ బండి. సూదులు, సిరంజిలు కనిపిస్తే చేత్తో తీయొద్దు. ఆరింటికల్లా మొదలుపెట్టి తొమ్మిదికి ఆపేయండి, ఆ తర్వాత ఎండకి ఎవరూ ఏరరు, నీడ వెతుక్కుంటారు.

పాపని తప్పకుండా తీసుకెళ్లండి. కానీ నీళ్ల వైపు వద్దు, మన ఒడ్డున చాలాచోట్ల నాలుగడుగులు వేసేసరికి లోతు వచ్చేస్తుంది, పిల్లని చూసుకోవడమే పనిగా ఒక మనిషి ఉండాలి. చేతికి నోటుబుక్కు ఇచ్చి సీసాలెన్ని, గుట్కా ప్యాకెట్లెన్ని, చెప్పులెన్ని అని గీతలు పెట్టమనండి. ఆ లెక్క మీ ఆయనకి చూపించండి, ఈసారి ఆయనా రావచ్చు.

ప్రశ్న: మేం డిగ్రీ విద్యార్థులం. ఫిబ్రవరిలో బారువ బీచ్ శుభ్రం చేద్దామనుకుంటున్నాం. పారలతో, దంతెలతో పైపొర గీకేస్తే త్వరగా అవుతుంది కదా?
– ఓ విద్యార్థి, సోంపేట

జవాబు: వద్దు బాబూ. ఆ నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట మన ఒడ్డుకొచ్చి ఇసకలో గుంట తవ్వి, ఒక్కోటీ వంద గుడ్ల దాకా పెట్టి పూడ్చి వెళ్తాయి. ఇసక వేడికి ఆ గుడ్లు పిల్లలవడానికి ఏడెనిమిది వారాలు పడుతుంది. పార దిగితే అంతే సంగతులు. పైగా వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో, ఉన్న ప్రాణి, తెలియక చేశాం అంటే కుదరదు. చేత్తోనే ఏరండి. ఇసక మీద పాకే బాలబంద తీగని, రావణాసురుడి మీసాలని చెత్తనుకుని పీకకండి, గాలికి ఇసక కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది అవే. నీళ్లలోంచి పైకి చిన్న ట్రాక్టరు టైరు నడిచినట్టు జాడ కనిపిస్తే అటు తొక్కకుండా పక్కకి జరిగి, ఫారెస్టు వాళ్లకి కబురు చెప్పండి.