పుట్టినరోజు నంబర్లా, కంప్యూటర్ నంబర్లా?

ప్రశ్న: మా తమ్ముడు న్యూజెర్సీలో పవర్‌బాల్ అనే లాటరీ ఆడతాడండి, ఎప్పుడూ ఇంట్లోవాళ్ల పుట్టినరోజులే పెడతాడు, కంప్యూటర్‌కి వదిలెయ్యరా అంటే వినడు. ఎవరిది కరెక్టండీ?
- ఓ పాఠకుడు, అమలాపురం

జవాబు: తగలడం వరకూ ఇద్దరిదీ ఒకటేనండి. 69 నంబర్ల బంతుల్లో తీసే 5, విడిగా 26 బంతుల్లో తీసే 1 కలవాలి, అంటే 29,22,01,338లో ఒక్క ఛాన్సు, నంబర్లు ఎవరు ఎంచారో ఆ బంతులకేం తెలుసు! కాకపోతే పుట్టినరోజులు 31 దాటవు కదా, అవే పెట్టేవాళ్లు బోల్డుమంది, తీరా తగిలినా జాక్‌పాట్‌ని పులస ముక్కల్లా పంచుకోవాల్సి రావచ్చు. 31 పైవి కూడా కలపమనండి, లేదా మెషీన్‌కే వదిలెయ్యమనండి. 1 నుంచి 5 వరస మాత్రం వద్దు, అదీ చాలామంది పెట్టేదే. మన ఆంధ్రాలో లాటరీయే నిషేధం, మీకా బాధ లేదు లెండి.