పాత ఇల్లు కొన్న అమ్మాయికి, పానా పట్టబోయే ముందు

చి॥ సౌ॥ అమ్మాయికి,

పెద్దనాన్న ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

రాజమండ్రిలో కొన్న ఇల్లు పాతికేళ్ల నాటిదనీ, చిన్నా చితకా మరమ్మతులు నువ్వే నేర్చుకోవాలనుకుంటున్నావనీ రాశావు. నలభైకి దగ్గరపడ్డాక ఇవి చేతికి వస్తాయా అని అడిగావు. వస్తాయమ్మా. ఇందులో చేతిబలం పని తక్కువ, ఏది ఎందుకు పాడైందో నిదానంగా చూసే పని ఎక్కువ. అది నీకు బాగానే వచ్చు. కాకపోతే కొత్తవాళ్లు చాలామంది ముందు డ్రిల్లింగ్ మిషన్ కొంటారు. నువ్వు ముందు ఆపడం నేర్చుకో. నీళ్లు ఎక్కడ ఆపాలో, కరెంటు ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లు పని మధ్యలో తప్పు చేసినా పెద్ద నష్టం ఉండదు. అది తెలియకుండా కుళాయి విప్పితే ఇల్లంతా చెరువవుతుంది.

డాబా మీద ట్యాంకు నుంచి దిగే ప్రతి పైపుకీ ఒక వాల్వు ఉంటుంది. కింద ఎవరినైనా కుళాయిలన్నీ తిప్పి ఉంచమని, నువ్వు పైన ఒక్కొక్క వాల్వూ మూస్తూ రా. ఏది మూస్తే ఎక్కడ ఆగిందో పైపు మీదే పెయింటుతో రాసెయ్యి. అక్కడ చక్రంలాంటి పిడి ఉన్న ఇత్తడి గేట్ వాల్వులుంటే జాగ్రత్త. ఏళ్ల తరబడి కదపనివి బిగుసుకుపోతాయి. బలవంతంగా తిప్పితే లోపలి స్పిండిల్, అంటే గేటును ఎత్తి దించే కడ్డీ, తెగి, చక్రం తిరుగుతూనే ఉంటుంది, గేటు మాత్రం కదలదు. తుప్పు వదిలించే నూనె స్పిండిల్ దగ్గర రెండు చుక్కలు వేసి, అరగంటాగి, పావు చుట్టు ముందుకీ పావు చుట్టు వెనక్కీ ఆడించు. అప్పటికీ రాకపోతే వదిలెయ్యి. ట్యాంకు ఖాళీ అయిన రోజు ప్లంబరును పిలిచి బాల్ వాల్వు పెట్టించు. దాని పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. మూడు నెలలకోసారి అన్ని వాల్వుల్నీ ఒకసారి మూసి తెరుస్తూ ఉంటే బిగుసుకుపోవు.

కరెంటు బోర్డు దగ్గరా ఇదే పని. ఒక్కో ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి, కిందికి దించి ఏ గది ఆగిందో చూసి దాని కింద చీటీ అంటించు. ఒక మాట బాగా గుర్తుపెట్టుకో. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే మెయిన్ ఆపినా ఫ్యాన్లు, లైట్ల లైన్లలో 230 వోల్టులు ఉంటూనే ఉంటాయి. మెయిన్‌తో పాటు ఇన్వర్టర్‌నీ ఆపాలి. పాత ఇళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. స్విచ్చిని కరెంటు వచ్చే ఫేజు వైరుకు బదులు, అది తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరుకు పెట్టి ఉంటారు. స్విచ్చి ఆపితే బల్బు ఆరిపోతుంది గానీ హోల్డర్‌లో కరెంటు అలాగే ఉంటుంది. అందుకని స్విచ్చి ఆపి బల్బు హోల్డర్ విప్పొద్దు, ఎంసీబీ దించి విప్పు. విప్పాక టెస్టరు పెట్టి చూడు. ఆ టెస్టరును కూడా ముందు కరెంటు ఉందని తెలిసిన ప్లగ్గులో పెట్టి వెలుగుతుందో లేదో చూసుకోవాలి. పాడైన టెస్టరు కరెంటు లేదని అబద్ధం చెబుతుంది.

ఇక సామాను. పది అంగుళాల ఎడ్జస్టబుల్ స్పానర్ ఒకటి, పైపు రెంచి ఒకటి, రెండు సైజుల స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లయర్, సుత్తి, చిన్న తాపీ, హాక్సా, కొలత టేపు, నాలుగైదు టెఫ్లాన్ టేపు చుట్లు. మొదటి ఆరు నెలలకు ఇవి చాలు. స్పానరూ రెంచీ మాత్రం చవకవి కొనకు. వాటి దవడలు వదులై నట్టు మూలలు అరగదీస్తాయి. అరిగిన నట్టు విప్పడం మేస్త్రీలకే కష్టం.

మొదటి పాఠం కారే కుళాయి. నీ ఇంట్లో రెండు రకాలూ ఉండి ఉంటాయి. చాలా చుట్లు తిప్పితే గానీ మూతపడనివి రబ్బరు వాషరువి. పావు తిప్పుతో ఆగేవి లోపల పింగాణీ బిళ్లలున్నవి. వాషరుదైతే ఆ లైను వాల్వు మూసి, కుళాయి తెరిచి మిగిలిన నీళ్లు వదిలెయ్యి. కింద సింకు రంధ్రానికి గుడ్డ కుక్కు, లేకపోతే చిన్న స్క్రూ అందులోకే పోతుంది. పిడి తీసి, దాని కింది నట్టును స్పానర్‌తో విప్పితే తలభాగం మొత్తం బయటికి వస్తుంది. దాని అడుగున గట్టిపడిపోయిన వాషరు కనిపిస్తుంది. కొత్తది వేసేముందు కుళాయి లోపలికి వేలు పెట్టి వాషరు ఆనే ఇత్తడి అంచును తడుము. నున్నగా ఉంటే వాషరు మారిస్తే సరిపోతుంది. గీతో గుంటో తగిలితే ఆ అంచు కొత్త వాషరునీ కోసేస్తుంది, కొద్ది వారాల్లో మళ్లీ కారుతుంది. అప్పుడు కుళాయే మార్చాలి. పావు తిప్పు రకమైతే లోపలి స్పిండిల్ మొత్తంగా మారుస్తారు. కంపెనీకో రకం పళ్లుంటాయి కాబట్టి పాతది చేత్తో పట్టుకుని కొట్టుకు వెళ్లు. ఫోటో చూపిస్తే కుదరదు.

కుళాయి మార్చేటప్పుడు కొత్తవాళ్లు తప్పుచేసేది టేపు దగ్గరే. మర చివరను నీ వైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపే, టేపును లాగి పట్టి ఎనిమిది నుంచి పది చుట్లు చుట్టు. ఎదురు దిక్కున చుడితే బిగిస్తున్నకొద్దీ టేపు ఊడొచ్చేస్తుంది. చేత్తో బిగిసినంతా బిగించి, ఆ తర్వాత స్పానర్‌తో ఒక చుట్టు, మహా అయితే ఒకటిన్నర. కుళాయి ముక్కు కిందికి రావాల్సిన చోటు దాటిపోయిందనుకో, వెనక్కి తిప్పి సరిచెయ్యకు, సీలు పోతుంది. పూర్తిగా విప్పి, టేపు ఒకటి రెండు చుట్లు ఎక్కువ వేసి మళ్లీ బిగించు. గోడలో ఉన్నది ప్లాస్టిక్ ఫిట్టింగు అయితే పట్టుదలకు పోకు. బలంగా బిగిస్తే గోడలోపల పగులుతుంది, టైలు పగలగొట్టాల్సి వస్తుంది. ఇనప పైపు అయితే ఒక రెంచితో గోడ వైపు భాగాన్ని కదలకుండా పట్టుకుని, రెండోదానితో కుళాయి తిప్పు. అలా పట్టకపోతే తుప్పు తిన్న మర గోడలోనే విరుగుతుంది.

నీళ్ల ధార సన్నబడిందంటే వెంటనే పైపులను అనుమానించకు. కుళాయి మూతికి ఉండే జల్లెడ విప్పి చూడు, ఇసుకా తెల్లటి గారా పట్టి ఉంటాయి. అరలీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి గంటసేపు నానబెట్టి పాత బ్రష్షుతో తోమితే పోతుంది. యాసిడ్ వాడకు. అది కుళాయి మెరుగునీ టైల్స్ సందుల్లోని సిమెంటునీ తినేస్తుంది. యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఎప్పుడూ ఒకేచోట వాడొద్దు. క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

ఫ్లష్ ట్యాంకు కారుతోందో లేదో కంటికి కనపడదు. ట్యాంకులో కాస్త వంటరంగు కలిపి అరగంట ఎవరూ వాడకుండా చూడు. కమోడ్‌లో రంగు కనిపించి, ట్యాంకులో నీళ్లు మధ్యలోని నిలువు గొట్టం అంచుకు కిందే ఉంటే అడుగు వాషరు పోయినట్టు. అలా కాక నీళ్లు ఆ గొట్టం పైనుంచి పోతుంటే ఫ్లోటు, అంటే నీళ్ల మీద తేలే బుడ్డి, ఎత్తుగా ఉన్నట్టు. నీటిమట్టం ఆ గొట్టం అంచుకు ఒక అంగుళం కిందే ఆగేలా ఫ్లోటు స్క్రూ సరిచెయ్యి.

పైపు ముక్క అతకాల్సి వస్తే ఒక మోసం ఉంది. తెల్లటి యూపీవీసీ అర అంగుళం పైపు బయటి కొలత 21.3 మిల్లీమీటర్లు. లేత పసుపు సీపీవీసీ ముప్పావు అంగుళం పైపు కొలత 22.2. అందుకని అర అంగుళం తెల్ల పైపు ముప్పావు సీపీవీసీ ఫిట్టింగులో దూరిపోతుంది, సరిపోయిందనే అనిపిస్తుంది. గమ్ము పూసి అతికినా ఆ సందులోంచి కారుతుంది. పైపూ ఫిట్టింగూ గమ్మూ మూడూ ఒకే రకానివి కొను. కోత నిటారుగా ఉండాలి, అంచు పొట్టు గీకెయ్యాలి, రెండువైపులా గమ్ము పూసి తోసి పావు చుట్టు తిప్పి అరనిమిషం కదలకుండా పట్టుకోవాలి. డబ్బా మీద రాసినన్ని గంటలూ ఆగకుండా నీళ్లు వదిలితే ఆ అతుకు ఊడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పాత ఇంటిని తినేది చెమ్మ. పడమటి గది గోడ పెచ్చులూడుతోందని రాశావు. దానికి పుట్టీ పెట్టి రంగు వేయించకు. లోపల తడి ఉండగా వేసిన రంగు బుడగలు కట్టి, వచ్చే వానాకాలానికి ఇంకా పెద్ద పెచ్చు ఊడుతుంది. ముందు తడి ఎక్కడినుంచో కనిపెట్టాలి. నేల నుంచి రెండు మూడు అడుగుల లోపే తెల్లటి ఉప్పు పూస్తుంటే భూమి నుంచి ఎక్కే చెమ్మ. పైకప్పు అంచు నుంచి కిందికి దిగుతుంటే డాబాదో పిట్టగోడదో లోపం. గోడ మధ్యలో మరకలా ఉండి, వెనక స్నానాలగది ఉంటే పైపునో, టైల్స్ సందులనో చూడాలి. ఆ రెండింటిలో ఏదో తేల్చడానికి గోడ పగలగొట్టక్కర్లేదు. ఒక వారం ఆ స్నానాలగది వాడకుండా ఉంచి, వాల్వు మాత్రం తెరిచే ఉంచు. మరక ఆరుముఖం పడితే వాడకం నీళ్లు టైల్స్ సందుల్లోంచి, నీరుపోయే గొట్టం చుట్టూ దిగుతున్నాయి. ఆరకపోతే రెండో వారం వాల్వూ మూసెయ్యి. అప్పుడు ఆరితే గోడలోని పైపే కారుతోంది. మరక అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేసుకో, లేకపోతే తగ్గిందో పెరిగిందో కళ్లు చెప్పలేవు.

డాబా పని మే నెలలో అయిపోవాలి. జూన్‌లో వానలు మొదలయ్యాక తడి శ్లాబు మీద ఏ పూతా పట్టదు. మళ్లీ అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు మీకు తప్పవు కాబట్టి సెప్టెంబరు చివర ఇంకోసారి పైకెక్కి చూడాలి. మొదటి పని తూములు. ఆకులూ మట్టీ తీసి ఒక బకెట్ నీళ్లు పోసి ఎంత చప్పున దిగుతున్నాయో చూడు. తూము మూసుకుంటే రాత్రంతా నీళ్లు నిలిచి, కనపడని సన్న పగులులోంచీ దిగుతాయి. రెండోది, పిట్టగోడా శ్లాబూ కలిసే మూల. ఎక్కువ ఇళ్లలో కారేది అక్కడే. రెండూ ఎండకు వేరువేరుగా సాగుతాయి, ఆ కీలు దగ్గర పగులుతుంది. మూడోది రావి మొక్కలు. రెండాకుల దశలోనే వేరుతో సహా పీకు. పైన తుంచి వదిలేస్తే వేరు లావెక్కి గోడను చీలుస్తుంది.

సన్న పగులును పైపైన పూస్తే నిలవదు. ఉలితో వీ ఆకారంలో పది మిల్లీమీటర్ల లోతు తెరిచి, దుమ్ము బ్రష్షుతో తీసి, నీళ్లు చల్లి తడిపి, ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు జల్లించిన ఇసుక, వాటర్‌ప్రూఫింగ్ లేటెక్స్ కలిపిన నీళ్లతో గట్టిగా కలిపి తాపీతో లోపలికి ఒత్తు. పిట్టగోడ మూలలో అదే మిశ్రమంతో ఏటవాలుగా గోలా, అంటే మూలను నింపే పట్టీ, కట్టు. కలిపింది అరగంటలో వాడెయ్యాలి. గట్టిపడుతోందని మళ్లీ నీళ్లు పోస్తే బలం పోతుంది. తడి గోనె కప్పి ఏడు రోజులు ఆరకుండా చూడు. రాజమండ్రి మే ఎండలో సిమెంటు పని తెల్లవారుజామునో సాయంత్రమో చెయ్యి. మధ్యాహ్నం వేస్తే పైపొర గంటలో ఎండి వెంట్రుక పగుళ్లు వస్తాయి. ఆ ఏడు రోజులూ అయ్యాక, శ్లాబు బాగా ఆరాక, వాటర్‌ప్రూఫ్ పూత రెండు చేతులు, రెండోది మొదటిదానికి అడ్డంగా.

శ్లాబు అడుగునో సన్‌షేడ్ కిందో తుప్పు చువ్వ బయటపడితే మాత్రం నీ తాపీ పక్కన పెట్టు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును తోసేస్తుంది, పైన సిమెంటు పూస్తే ఆ ముక్క బరువెక్కి ఇంకోనాడు ఎవరి తల మీదో పడుతుంది. ఇంజనీరును పిలువు. సంపులోకి ఒంటరిగా దిగకు, పనివాణ్ణీ దించకు. మూసి ఉన్న సంపులో ఊపిరాడక మనిషి క్షణాల్లో పడిపోతాడు. ఎంసీబీ పదే పదే పడుతోందని పెద్దది పెట్టమని ఎలక్ట్రీషియన్ని అడగొద్దు. గోడలోని వైరు మందం మారలేదు కదా, ఈసారి ఎంసీబీ పడదు, వైరే కాలుతుంది. ఆర్సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, ఉంటే నెలకోసారి దాని టెస్ట్ మీట నొక్కు. పడకపోతే మార్పించు. లేకపోతే అన్నిటికన్నా ముందు అదే పెట్టించు, 30 మిల్లీ ఆంపియర్లది.

తలుపుల సంగతి చిన్నది. వానాకాలంలో బిగుసుకున్న తలుపును అప్పుడే చిత్రిక పట్టించకు, వేసవికి సందు పడుతుంది. రాసుకునే చోట సుద్దతో గుర్తుపెట్టి ఎండలు వచ్చేదాకా ఆగు. మడతబందు స్క్రూ ఊరికే తిరుగుతుంటే అగ్గిపుల్లలు మందు విరిచేసి ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలో దూర్చి, ఒక పూట ఆరాక బిగించు. గోడకు మేకులు కొట్టేటప్పుడు స్విచ్చిబోర్డుకు నిటారుగా పైనా కిందా ముట్టుకోకు, వైర్లు ఆ దారినే వెళ్తాయి.

మేస్త్రీనో ప్లంబరునో పిలిచిన రోజు లోపలికి వెళ్లిపోకు. పక్కన నిలబడి, "చివరి కుళాయి నేను బిగిస్తాను, మీరు చూడండి" అని అడుగు. కాస్త ఎక్కువ కూలి ఇస్తానని ముందే చెబితే ఓపిగ్గా నేర్పుతారు. తప్పు చేస్తున్నప్పుడు చేతిని పట్టుకుని ఆపే మనిషి ఉండటం ఏ వీడియోలోనూ దొరకదు.

ఈ ఆదివారం వాల్వుల పనీ ఎంసీబీ చీటీల పనీ పూర్తి చెయ్యి. పడమటి గోడ మరక చుట్టూ గీత గీసి, నేల నుంచి ఎంత ఎత్తులో మొదలైందో, ఆ గోడ వెనక ఏముందో కొలిచి నాకు రాయి. అది చూసి తర్వాత ఏం చెయ్యాలో చెబుతాను.

అల్లుడుగారికి మా దీవెనలు చెప్పు. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
మీ పెద్దనాన్న