ఎఫ్‌డీ తీసే ముందు పాలసీ పుస్తకం తీయండి

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. రాజమండ్రిలో ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని, జీతం 38 వేలు. నిరుడు హైదరాబాద్‌లో క్యాన్సర్‌కి ఎడమ రొమ్ము తీసేశారు. కీమో, రేడియేషన్ పూర్తయ్యాయి. పొట్ట కింది భాగంలోని చర్మం, కొవ్వుతో రొమ్మును మళ్లీ తయారుచేయొచ్చని ప్లాస్టిక్ సర్జన్ అంటున్నారు. సింగిల్ రూమ్‌లో ఉంటే 6 లక్షలని ఎస్టిమేట్ ఇచ్చారు. తొమ్మిదేళ్లుగా కడుతున్న 7 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ ఉంది. ఈ ఏడాది అందులో 4 లక్షలు వాడేశాం. ఇది అందం కోసం చేసే ఆపరేషన్, పాలసీ వర్తించదని మా ఏజెంట్ చెప్పారు. పాప ఇంజినీరింగ్ కోసం దాచిన 5 లక్షల ఎఫ్‌డీ తీసేయాలా, చిట్టీ పాడాలా? ఇంట్లోవాళ్లేమో ‘ఇప్పుడిది అవసరమా’ అంటున్నారు.

జవాబు: రెండూ వద్దమ్మా. ముందు పాలసీ పుస్తకం తీసి, మినహాయింపుల పేజీ చూడండి. అందులో ‘కాస్మెటిక్ లేదా ప్లాస్టిక్ సర్జరీ’ అని ఉంటుంది, పక్కన 08 కోడ్ ఉంటుంది. మీ ఏజెంట్ అంతవరకే చదివి ఉంటారు. అదే వాక్యంలో ఇంకాస్త ముందుకెళ్తే ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి ఈ మినహాయింపు లేదని ఉంటుంది. ఈ భాషను బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో అన్ని కంపెనీలకూ ఒకేలా ఖరారు చేసింది. కాబట్టి మీది ఏ కంపెనీ అయినా మాట మారదు.

అయితే పాలసీలో ఉండటం వేరు, క్లెయిమ్ చేతికి రావడం వేరు. మా పిన్ని విషయంలో డాక్టరుగారు హడావిడిలో ‘కాస్మెటిక్ కరెక్షన్’ అని రాశారు. ఆ రెండు ముక్కలు చూసి కంపెనీ క్లెయిమ్ తిప్పికొట్టింది. ‘రొమ్ము క్యాన్సర్‌కు మాస్టెక్టమీ (రొమ్ము తొలగింపు) తర్వాత పునర్నిర్మాణం’ అని లెటర్ మళ్లీ రాయించి, పాత బయాప్సీ రిపోర్టు, మొదటి ఆపరేషన్ డిశ్చార్జి సమ్మరీ జతచేసి పంపితే డబ్బొచ్చింది. మీరు ఈ పని మొదటే చేయండి. రెండో రొమ్ము సైజు సరిచేయడం, తర్వాత చనుమొన తయారుచేయడం లాంటివి రెండో విడతలో చేస్తారు. అవీ ఈ చికిత్సలో భాగమేనని అదే లెటర్‌లో రాయించండి. లేకపోతే ఆరు నెలల తర్వాత మళ్లీ ‘కాస్మెటిక్’ పాట మొదలవుతుంది.

ఇక తేదీ. మీ డబ్బు లెక్కంతా దీని మీదే ఉంది. రేడియేషన్ అయ్యాక చర్మం కుదుటపడటానికి ఎలాగూ కొన్ని నెలలు ఆగమంటారు. అంటే ఇది రేపే చేయించుకోవాల్సిన ఆపరేషన్ కాదు. ఇప్పుడు చేయించుకుంటే పాలసీలో మిగిలింది 3 లక్షలే, అదీ ఇంటిల్లిపాదికీ కలిపి. రెన్యువల్ అయితే 7 లక్షలూ మళ్లీ నిండుతాయి. సర్జన్ ఒప్పుకుంటే రెన్యువల్ దాటాక తేదీ పెట్టించుకోండి. ప్రీమియం మాత్రం గడువులోపే కట్టేయండి. ఎవరైనా ‘ఇంకో కంపెనీకి పోర్ట్ చేయిద్దాం’ అంటే వినకండి, కొత్త కంపెనీ మీ ఫైలు చూసి ఒప్పుకోవాలన్న రూలేమీ లేదు. కవర్ పెంచుకుందామనుకున్నా, పెంచిన భాగానికి వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వని గడువు, పడుతుంది. ఈ ఆపరేషన్‌కి అది పనికిరాదు.

మీ ఎస్టిమేట్‌లో నాకు భయం వేసింది 6 లక్షల అంకె చూసి కాదు, ‘సింగిల్ రూమ్’ అన్న మాట చూసి. చాలా పాలసీల్లో రోజు రూమ్ రెంట్ సమ్ ఇన్సూర్డ్‌లో (పాలసీ మొత్తంలో) ఒక శాతమే. అంటే మీకు రోజుకు 7 వేలు. మీరు 10 వేల రూమ్ తీసుకుంటే రోజుకు 3 వేలే కదా నష్టం అనుకుంటాం. అలా కాదు. సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటర్ ఛార్జీలన్నీ అదే నిష్పత్తిలో, అంటే 70 శాతానికి కోసేస్తారు. ఆ ఖర్చులు 4 లక్షలనుకుంటే 1 లక్షా 20 వేలు మీ జేబులోంచి. వారం రోజుల రూమ్ తేడా 21 వేలు అదనం. మందులకు, ఐసీయూకి ఈ కోత ఉండదు. ఇద్దరు ఉండే రూమ్‌కి ఎస్టిమేట్ మళ్లీ అడగండి. చాలా ఆస్పత్రుల్లో రూమ్ తగ్గితే సర్జన్ ఫీజు కూడా తగ్గుతుంది. మీ పాలసీలో రూమ్ పరిమితి లేకపోతే ఈ పేరా వదిలేయండి.

ఇంత ఖర్చెందుకంటే, ఇది సూక్ష్మ శస్త్రచికిత్స. దీన్ని డీప్ ఫ్లాప్ అంటారు. పొట్ట కండరం తీయకుండా చర్మం, కొవ్వు, వాటికి రక్తమిచ్చే నాళాలను మాత్రమే తీసి, ఛాతీలోని నాళాలకు మైక్రోస్కోప్ కింద కుడతారు. ఆరు నుంచి ఎనిమిది గంటలు మామూలే. మొదటి రెండు రోజులు గంట గంటకూ రక్తప్రసరణ చూస్తారు. నాళంలో గడ్డకడితే మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాలి. ‘అలా జరిగితే బిల్లు ఎంత పెరుగుతుంది’ అని ఇప్పుడే అడిగి రాసుకోండి. సిలికాన్ ఇంప్లాంట్ చౌకగా అవుతుంది కదా అని ఎవరో ఒకరు అంటారు. రేడియేషన్ పడ్డ చోట దానికి ఇబ్బందులు ఎక్కువ, కొన్నేళ్లకు మార్చాల్సి రావచ్చు. సొంత కణజాలానికి ఆ మార్పిడి ఖర్చు లేదు. ఏది మీకు తగునో సర్జనే చెప్పాలి. ఈరోజు బిల్లొక్కటే చూసి మాత్రం తేల్చుకోకండి.

పాలసీ ఇవ్వనివి కొన్నుంటాయి: చేతి తొడుగుల్లాంటి సరంజామా, పొట్టకు కట్టే బెల్టు, మీవారు హైదరాబాద్‌లో ఉండే ఖర్చు. పెద్ద ఖర్చు సెలవుదే. కోలుకోవడానికి నెలన్నర అంటారు, రెండు నెలలు జీతం లేదనుకోండి, 76 వేలు. మొత్తం లక్షన్నర చేతిలో ఉంచుకోండి. అది లేకపోతే ఎఫ్‌డీని పగలగొట్టకుండా దానిమీదే అప్పు తీసుకోండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి రెండు శాతం పైన పడుతుంది, పాప డబ్బు అలాగే ఉంటుంది. చిట్టీ తొందరపడి పాడితే పోయే కసరు (పాటలో వదులుకునే సొమ్ము) దీనికన్నా ఎక్కువ.

ఇంట్లోవాళ్ల ప్రశ్నకు నేను చెప్పేది ఒకటే. మోకాలి చిప్ప మార్పించుకున్న మామగారిని ‘అవసరమా’ అని ఎవరూ అడగరు. అమెరికాలో 1998లోనే దీనికి చట్టం చేశారు: మాస్టెక్టమీకి డబ్బిచ్చే పాలసీ పునర్నిర్మాణానికీ, రెండో రొమ్మును సరిచేయడానికీ ఇవ్వాలి. చేయించుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. వద్దనుకుంటే అది కూడా డబ్బు కారణంగా కాకూడదని నా కోరిక.

క్యాష్‌లెస్ అర్జీ (బిల్లు కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టాలని అడగడం) మీద గంటలో నిర్ణయం చెప్పాలని 2024 నుంచి నిబంధన ఉంది. కానీ ఇలాంటి కేసుల్లో ఎదురు ప్రశ్నలు వస్తాయి, పది రోజుల ముందే పంపమని ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌తో చెప్పండి. కాదంటే కారణం రాతపూర్వకంగా తీసుకుని కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. మన రెండు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లోనే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఏజెంట్ ఫోన్‌లో చెప్పిన ‘రాదు’ అన్న మాట మీద మాత్రం అక్కడ ఫిర్యాదు చేయలేరు, అందుకే ఆ కాగితం కావాలి.