డోరు తీశారో, కేసే!

న్యాయ సలహా అడుగుతూ ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రోడ్డు మీద గొడవలవే. ఎండల మహిమో, ఎక్కడ చూసినా తవ్వి వదిలేసిన రోడ్ల మహిమో గానీ, జనం స్టీరింగ్ పట్టుకుంటే చాలు శివాలెత్తుతున్నారు. అందుకని విడాకులు, వీలునామాలు పక్కన పెట్టి ఈసారి జవాబులన్నీ వీటికే ఇస్తున్నాను. పొలం గట్టు తగాదాల వాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడమ్, నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, వయసు 34. నెల కిందట సాయంత్రం ఏడున్నరకి జేఎన్‌టీయూ దగ్గర మెట్రో పిల్లర్ల పక్కన ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటే, ఎడమ వైపు నుంచి ఒక బైక్ వాడు సందులో దూరి నా సైడ్ మిర్రర్ విరగ్గొట్టి, వెనక్కి కూడా చూడకుండా పోయాడు. తర్వాతి సిగ్నల్ దగ్గర వాడి ముందు కారు అడ్డం పెట్టి, దిగి, బండి తాళం లాక్కున్నాను. మాటా మాటా పెరిగింది. కాలర్ పట్టుకున్నాను, ఒకటి తగిలింది. ఎవరో ఫోన్లో తీశారు. ఆ వీడియోలో మిర్రర్ విరిగింది లేదు, మిగతాదంతా ఉంది. వాడు కేసు పెట్టాడు, ఎఫ్ఐఆర్ అయింది, ఇప్పుడు రాజీకి 50 వేలు అడుగుతున్నాడు. తప్పు వాడిదైతే కేసు నా మీదేంటి?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం మొత్తంలో నాకు బాగా నచ్చిన ముక్క ‘ఒకటి తగిలింది’. ఎవరు కొట్టారో చెప్పకుండా భలే దాటేశారు. నా దగ్గరికి వచ్చే క్లయింట్లు కూడా ఇంతే, చెయ్యి దానంతటదే లేచి వెళ్లి అవతలివాడి చెంప వెతుక్కున్నట్టు చెబుతారు.

మిర్రర్ విరగడం వరకు తప్పు అతనిదే, అందులో అనుమానం లేదు. మీరు డోరు తీసి కాలు కింద పెట్టేదాకా అది ఇన్సూరెన్స్ వ్యవహారం, మహా అయితే అతని మీద ర్యాష్ డ్రైవింగ్ ఫిర్యాదు. కాలు కింద పెట్టాక జరిగింది వేరే కథ, దానికి వేరే కేసు, అందులో ముద్దాయి మీరు. మిర్రర్‌కీ చెంపదెబ్బకీ చెల్లు అని కోర్టులో లెక్క ఉండదు.

మీ కేసులో చెంపదెబ్బ కన్నా ఎక్కువ చేటు చేసింది ఆ తాళం. మామూలుగా కొట్టడం భారతీయ న్యాయ సంహితలో 115(2) కిందికి వస్తుంది, ఏడాది దాకా జైలు గానీ 10 వేల దాకా జరిమానా గానీ, లేదా రెండూ. అయితే అదొక్కటే అయితే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. కానీ కారు అడ్డం పెట్టి, తాళం గుంజుకుని మనిషిని కదలనివ్వకపోవడం అక్రమంగా అడ్డగించడం, సెక్షన్ 126. శిక్ష చిన్నదే, నెల దాకా జైలు లేదా 5 వేల దాకా జరిమానా, కానీ దానికి పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టొచ్చు. అదొకటి చేరితే చెంపదెబ్బ కూడా దానితో పాటే ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కుతుంది. మన హైదరాబాద్‌లో తాళం లాక్కోవడం ఒక అలవాటైపోయింది, అదేదో తమ హక్కన్నట్టు. పక్కవాడి బండి తాళం తీసే అధికారం మనకెవరికీ లేదు. (స్టేషన్లో ఎవరైనా 341, 323 అంటే కంగారు పడకండి, ఇవే సెక్షన్ల పాత ఐపీసీ నంబర్లవి. 2024 జూలై 1 నుంచి నంబర్లు మారినా నోళ్లలో ఇంకా మారలేదు.)

ఆ గొడవలో మీరు ‘చంపేస్తా’ అన్నారా? మన భాషలో అది కామా లాంటిది, ప్రతి రెండో వాక్యంలో పడుతుంది. చట్టం మాత్రం దాన్ని మాటవరసగా తీసుకోదు. చంపుతానని బెదిరిస్తే 351(3), ఏడేళ్ల దాకా జైలు. నిజంగా భయపెట్టాలనే అన్నారా, కోపంలో నోరు జారారా అన్నది కోర్టు చూస్తుంది, అది నిజమే. కానీ అది చూసేలోపు ఎన్ని వాయిదాలు తిరగాలో మీరే ఊహించుకోండి.

ఇక 50 వేలు. దానికి చట్టంలో రేటేమీ లేదు, అడగడం అతని ఇష్టం, ఇవ్వడం మీ ఇష్టం. 115(2), 126(2) రెండూ కోర్టు అనుమతి అవసరం లేకుండానే బాధితుడు రాజీ పడగలిగిన సెక్షన్లు. ముందు ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని ఇవి రెండే ఉన్నాయా, ఇంకేమైనా చేర్చారా అన్నది చూసుకోండి. వైద్యం ఖర్చు అయి ఉంటే అదివ్వండి, ఒక మెట్టు దిగి క్షమాపణ చెప్పండి, చాలా కేసులు దాంతోనే తెగుతాయి. టీ కొట్టు దగ్గర చేతిలో డబ్బు పెట్టి ‘కేసు వాపస్ తీసుకుంటా’ అన్న మాట తెచ్చుకుంటే మాత్రం మునిగినట్టే, ఒకసారి ఎఫ్ఐఆర్ అయ్యాక కాగితం చించేస్తే పోయేది కాదు. లోక్ అదాలత్‌లో పెట్టించి, రాజీ రికార్డు చేయించుకుని, ఆ కాపీ దాచుకోండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, కోర్టులో క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు దగ్గర ఆగిపోతారు, కోర్టు నుంచి అనుమతి తెచ్చుకోవాలి. ఆన్‌సైట్ (కంపెనీ తరఫున విదేశంలో పని) ఆశ ఉన్నవాళ్లకి ఇది చెంపదెబ్బ కన్నా గట్టిగా తగులుతుంది.

ఒక్క దెబ్బే కదా అనుకునేవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పే కేసు నవజ్యోత్ సింగ్ సిద్ధూది. 1988 డిసెంబర్ 27, పాటియాలా. అప్పటికి ఆయన ఇండియాకి ఆడుతున్న క్రికెటర్. రోడ్డు మధ్యలో ఆపిన జిప్సీ బండిని తీయమన్న దగ్గర మొదలైన గొడవలో దెబ్బ తిన్న 65 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. 1999లో కింది కోర్టు కొట్టేసింది, 2006లో హైకోర్టు మూడేళ్లు వేసింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని వెయ్యి రూపాయల జరిమానాకి తగ్గించింది. అయిపోయిందనుకున్నారు అందరూ. పెద్దాయన కుటుంబం వదల్లేదు, రివ్యూ వేసింది. 2022 మే 19న అదే సుప్రీంకోర్టు ఏడాది కఠిన కారాగారం వేస్తే, మర్నాడే వెళ్లి లొంగిపోయి, 2023 ఏప్రిల్ 1న బయటికొచ్చాడు. మధ్యలో ఆటగాడు కామెంటేటరయ్యాడు, ఎంపీ అయ్యాడు, మంత్రి అయ్యాడు, ఆ రోడ్డు గొడవ మాత్రం ముప్పై మూడేళ్లు వెంటే తిరిగింది. మీది అంత పెద్ద కేసు కాదు, అవతలి మనిషి క్షేమంగా ఉన్నాడు. రాజీకి అడుగుతున్నాడంటే మీ అదృష్టమనుకోండి.

ఆ మిర్రర్ సంగతి అప్పుడే బండి నంబర్ రాసుకుని ఫిర్యాదిచ్చి ఉంటే సరిపోయేది. ఇప్పుడైనా ఇవ్వొచ్చు. జరిగింది జరిగినట్టు రాయండి. ‘కౌంటర్ కేసులో నన్ను కూడా కొట్టాడని రాయి’ అని సలహా ఇచ్చే ఫ్రెండ్ ఒకడు ఎప్పుడూ ఉంటాడు, వాడి ఫోన్ ఎత్తకండి.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను టీచర్ని, స్కూటీ మీద తిరుగుతాను. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కారు సడన్‌గా నా ముందుకి కోసుకొస్తే గట్టిగా హారన్ కొట్టాను. అంతే, ఆ కారులో ఇద్దరు పటమట దాకా నా వెనకే వచ్చారు, పక్కకి వచ్చి బూతులు తిట్టారు. భయపడి ఇంటికి వచ్చేశాను, వాళ్లు మా సందు చివర కాసేపు ఆగి వెళ్లిపోయారు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: అమ్మా, హారన్ కొట్టడంలో తప్పేం లేదు, బండికి హారన్ పెట్టిందే అందుకు. అయితే ఇంకోసారి ఎవరైనా ఇలా వెంటపడితే ఇల్లు మాత్రం చూపించకండి. మనిషికి భయమేస్తే కాళ్లు ఇంటి వైపే లాగుతాయి, సహజమే, కానీ ఆ సమయంలో వెళ్లాల్సింది జనం ఉన్న చోటికి. పెట్రోల్ బంకు, హాస్పిటల్ గేటు, పోలీస్ స్టేషన్, ఏదైనా సరే. బండి ఆపి 112కి ఫోన్ చేయండి. కారు నంబర్ గుర్తుండదనుకుంటే పైకి చదవండి, పక్కనున్నవాళ్లకైనా వినపడుతుంది.

ఆడమనిషిని అవమానించాలని అలాంటి మాటలనడం న్యాయ సంహిత సెక్షన్ 79, మూడేళ్ల దాకా జైలు, దానికి తోడు జరిమానా. మీ దగ్గర కారు నంబర్ ఉంటే ఇవాళే ఫిర్యాదివ్వండి. లేకపోయినా ఇవ్వండి, తేదీ, టైము, ఏ సర్కిల్ నుంచి ఏ సందు దాకా అన్నది రాస్తే పోలీసులు దారిలో కెమెరాలు చూస్తారు. ఆలస్యం చేయకండి, ఫుటేజీ ఎక్కువ రోజులు ఉంచరు. మీ సందులో ఎవరింటికైనా కెమెరా ఉంటే ముందు వాళ్ల తలుపు తట్టండి.

ప్రశ్న: అమ్మా నమస్తే. నేను ఆర్టీసీ డ్రైవర్ని, 22 ఏళ్ల సర్వీసు. దేవరకొండ రూట్లో ఎదురుగా గడ్డి లోడు ట్రాక్టర్ వస్తుంటే వెనక బైకుకి సైడ్ ఇవ్వలేకపోయాను. ఆ అబ్బాయి బస్సు ముందు బండి అడ్డం పెట్టి, ఎక్కి వచ్చి హెల్మెట్‌తో నా భుజమ్మీద కొట్టాడు, దిగుతూ రాయితో అద్దం పగలగొట్టాడు. పదిహేను రోజులైంది. కుర్రాడు, వాడి జీవితం పాడవుద్ది, వదిలెయ్ అంటున్నారు తోటివాళ్లు. మా కొడుకు వయసే వాడిది. ఏం చేయమంటారు?
– ఒక డ్రైవర్, నల్లగొండ జిల్లా

జవాబు: అన్నయ్యా, తలకి పెట్టుకోని హెల్మెట్ చేతికి మాత్రం బాగానే పనికొచ్చింది చూడండి.

మీరు ఆ సీట్లో కూర్చున్నంతసేపూ చట్టం దృష్టిలో పబ్లిక్ సర్వెంట్. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం 43వ సెక్షన్లోనే ఆ మాట రాసి ఉంది, చాలామంది డ్రైవర్లకే తెలీదు. కాబట్టి డ్యూటీ చేయనివ్వకుండా మీ మీద చేయి చేసుకోవడం మామూలు కొట్లాట కింద పోదు. న్యాయ సంహిత సెక్షన్ 132 కింద రెండేళ్ల దాకా, దెబ్బ తగిలింది కాబట్టి 121 కింద ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. బస్సు అద్దం ప్రజల ఆస్తి, దానికి 1984 చట్టం వేరే ఉంది, అందులోనూ ఐదేళ్ల దాకా. ఆ అబ్బాయి సైడ్ కోసం ఇంత దూరం వచ్చాడు.

పదిహేను రోజులైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఎందుకు ఆలస్యమైందో ఒక లైను రాయండి. కండక్టర్ సాక్ష్యం ఉంది. రోజూ ఎక్కే ప్రయాణికులు ఇద్దరి నంబర్లు అడిగి పెట్టుకోండి. దెబ్బకి ప్రభుత్వాసుపత్రిలో చూపించుకున్నారో లేదో మీరు రాయలేదు, అప్పుడే వెళ్లి ఎంఎల్‌సీ (పోలీసు కేసు కోసం ఆసుపత్రి రాసే దెబ్బల రికార్డు) రాయించుకుని ఉంటే కేసుకి అది వెన్నెముక.

వదిలెయ్యాలా అన్నది మీరే తేల్చుకోవాలి. నన్నడిగితే వదలొద్దంటాను. నలభై మంది ఉన్న బస్సు స్టీరింగ్ పట్టుకున్న మనిషిని కొట్టడమంటే ఆ నలభై మందిని కూడా లెక్కలేకుండా చూడటమే. ఆ అబ్బాయి మీద జాలి ఉంటే శిక్ష దగ్గర చెప్పుకోవచ్చు, ఫిర్యాదు దగ్గర కాదు.

ప్రశ్న: సిగ్నల్‌లో వెనక నుంచి గుద్దినవాళ్లు ‘2 వేలు తీసుకోండి’ అంటారు. తీసుకోవచ్చా? డాష్‌క్యామ్ వీడియో కోర్టులో చెల్లుతుందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: గీత పడితే తీసుకుని పొండి, మా ఆయన అయితే ఆ 2 వేల కోసం అరగంట వాదించి 4 వేల పెట్రోల్ కాలుస్తాడు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. అది మొదటి ఏడాది 20 శాతంతో మొదలై క్లెయిమ్ లేకుండా ఐదేళ్లు గడిస్తే 50 శాతానికి చేరుతుంది, కాబట్టి చిన్న గీతకి క్లెయిమ్ వేస్తే మీకే నష్టం. అయితే ఈ రోజుల్లో బంపర్లో సెన్సర్లు, కెమెరాలు ఉంటున్నాయి, డబ్బు తీసుకునే ముందు రివర్స్ గేరేసి పని చేస్తున్నాయో లేదో చూసుకోండి. మనిషికి దెబ్బ తగిలితే మాత్రం ఈ బేరాలు కుదరవు. ముందు డాక్టర్, తర్వాత పోలీసులకి చెప్పడం, అదీ 24 గంటల్లోపు.

వీడియో చెల్లుతుంది. కొత్త సాక్ష్యాధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయాలి. అసలు మెమరీ కార్డు తీసి దాచండి, దాని మీద మళ్లీ రికార్డ్ కానివ్వకండి. ముఖ్యంగా దానికి పాటలు కలిపి ఫేస్‌బుక్‌లో పెట్టకండి.

ప్రశ్న: మా వారు ఇంట్లో పిల్లిని కూడా కసరరు. కారెక్కితే చాలు, వేరే మనిషి. ఎవరైనా ఓవర్‌టేక్ చేస్తే వెంటపడతారు, బూతులు. మొన్న మా ఆరేళ్ల బాబు బొమ్మ కార్లతో ఆడుకుంటూ రెండు కార్లు గుద్దించి అచ్చం వాళ్ల నాన్న మాటే అన్నాడు, మా అత్తగారి ముందు. లాయర్‌ని అడిగే ప్రశ్న కాదేమో గానీ అడుగుతున్నాను.
– ఒక ఇల్లాలు, కరీంనగర్

జవాబు: చెల్లీ, ఎవరినడిగినా ఇదే అడగాలి. కారులో అద్దాలు వేసుకుంటే అవతలివాడి ముఖం కనపడదు, నంబర్ ప్లేటే కనపడుతుంది, నంబర్ ప్లేటుని తిట్టడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. అదే మనిషి గుడి క్యూలో తగిలితే ‘పర్లేదండీ’ అంటారు మీ వారు. పైగా మనం కోసుకెళ్తే అర్జెంటు, వాడు కోసుకెళ్తే పొగరు. నేనూ తక్కువ తినలేదు, కిందటేడాది పంజాగుట్ట దగ్గర అద్దం దించి ఒక పెద్దాయన్ని నానా మాటలన్నాను, తీరా చూస్తే ఆయన మా జూనియర్ అమ్మాయి వాళ్ల నాన్నగారు. వాళ్లింట్లో పెళ్లికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లానో నాకే తెలుసు.

ఆయన కోపంలో ఉన్నప్పుడు పక్క సీట్లోంచి క్లాస్ పీకకండి, ఆ కోపం మీ మీదికి తిరుగుతుంది, చెయ్యి స్టీరింగ్ మీద ఉంటుంది. ఇంట్లోంచి ఓ పావుగంట ముందు బయల్దేరేలా చూడండి, ఆలస్యమైన రోజే నోరు ఎక్కువ లేస్తుంది. వెంటపడటం మొదలుపెడితే ఒక్క మాట చాలు, ‘బాబు వెనకున్నాడండీ’. అయినా మారకపోతే బాబు బొమ్మ కార్లతో ఆడుకుంటున్నప్పుడు చాటుగా వీడియో తీసి ఆయనకొక్కడికే చూపించండి. ఫ్యామిలీ గ్రూపులో మాత్రం పెట్టకండి, మీ అత్తగారు ఒకసారి విన్నది చాలు.