32767 దగ్గర నిలిచిపోయే రీడింగు

ప్రశ్న: ఈఎస్పీ32 (వైఫై ఉన్న మైక్రోకంట్రోలర్) బోర్డుకు, వోల్టేజిని అంకెలుగా మార్చే ఏడీఎస్1115 మాడ్యూల్‌ను 3.3 వోల్టుల సరఫరాతో కలిపాను. 5 వోల్టులతో నడిచే ప్రెషర్ సెన్సర్ దీనికి 0.5 నుంచి 4.5 వోల్టుల దాకా ఇస్తుంది. 2 వోల్టులు దాటగానే రీడింగు 32767 దగ్గర నిలిచిపోతోంది. పైగా వైఫై పనిచేస్తున్నప్పుడు, ప్రెషర్ మారకపోయినా అంకెలు మారుతున్నాయి. చిప్ చెడిపోయిందా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి చిప్ బాగానే ఉంది, కాని ఇలాగే వాడితే పాడవుతుంది కనుక ముందుగా సెన్సర్ తీగను విడదీయండి. ఈ చిప్ ఇన్‌పుట్‌కు దాని సరఫరా కన్నా 0.3 వోల్టులకు మించి ఎక్కువ ఇవ్వకూడదు. మీ అమరికలో ఆ హద్దు 3.6 వోల్టులు. ప్రోగ్రాములో ఏమీ మార్చకపోతే చిప్ 2.048 వోల్టుల దాకానే కొలుస్తుంది, 32767 అంటే ఆ కొలత నిండిపోయిందని అర్థం. రేంజ్‌ను 6.144కు మారిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, కాని అది కొలబద్దను మారుస్తుందే తప్ప ఇన్‌పుట్ తట్టుకోగల వోల్టేజిని పెంచదు. మాడ్యూల్‌కే 5 వోల్టులు ఇద్దామంటే, దానిమీది పుల్-అప్ రెసిస్టర్లు (తీగలను సరఫరా వోల్టేజి దగ్గర ఉంచేవి) ఐ2సీ తీగలను, అంటే మాడ్యూల్‌కూ బోర్డుకూ మధ్య సమాచారం నడిచే తీగలను, 5 వోల్టులకు లాగుతాయి, అది ఈఎస్పీ32 పిన్నులకు మంచిది కాదు. మధ్యలో వోల్టేజి స్థాయిని మార్చే లెవెల్ షిఫ్టర్ పెట్టవలసి వస్తుంది.

అందుకే 10 కిలో ఓముల రెసిస్టర్లు రెండింటితో వోల్టేజిని సగం చేయడం నా దృష్టిలో మేలైన మార్గం. అప్పుడు 4.5 వోల్టులు 2.25 అవుతాయి, రేంజ్‌ను 4.096కు పెట్టుకుంటే ఒక్కో మెట్టు 125 మైక్రోవోల్టులు. చిప్ ఇన్‌పుట్ నిరోధమే కొన్ని మెగా ఓములు కాబట్టి, ఇక్కడ మెగా ఓముల రెసిస్టర్లు వాడితే కొలత తప్పుతుంది. సెన్సర్, మాడ్యూల్, బోర్డు, మూడింటి గ్రౌండూ ఒకటే కావాలి.

ఇక అంకెలు మారడం గురించి. వైఫై కరెంటు ఎక్కువ తీసుకున్నప్పుడు యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులు కాస్త పడిపోతాయి. ఈ రకం సెన్సర్లలో చాలావాటి అవుట్‌పుట్ సరఫరాలో ఒక వంతుగా ఉంటుంది (మీ సెన్సర్ డేటాషీట్‌లో ఒకసారి చూసుకోండి). పూర్తి ప్రెషర్ వద్ద సరఫరా 5 వోల్టులైతే 4.5 వచ్చేది, సరఫరా 4.8కి తగ్గితే 4.32 అవుతుంది. చిప్‌లో మాత్రం స్థిరమైన సొంత రిఫరెన్స్ (పోల్చుకునే వోల్టేజి) ఉంది కాబట్టి, ఆ తగ్గుదలను అది ప్రెషర్ తగ్గినట్టే చూపిస్తుంది. చిప్ రెండో చానల్‌కు (ఇన్‌పుట్‌కు) ఇలాంటి రెసిస్టర్ల జతతోనే సెన్సర్ సరఫరాను కలిపి, మొదటి రీడింగును రెండోదానితో భాగించండి. పై రెండు సందర్భాల్లోనూ 0.9 వస్తుంది. లోపల కన్వర్టరు ఒక్కటే, అది చానళ్ళను వంతులవారీగా కొలుస్తుంది. సెకనుకు 128 కొలతల మామూలు వేగంలో ఒక్కోదానికి 8 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, చానల్ మార్చాక కొలత పూర్తయ్యేదాకా ఆగకపోతే పాత చానల్ విలువే మీ చేతికి వస్తుంది.