నోట్సు ఇవ్వని సారు, నోరు విప్పని నేను

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. ఇంటర్ అక్కడే చదివి, నల్లగొండలో డిగ్రీ మొదటి సంవత్సరం చేరాను. హాస్టల్లో ఉంటాను. తెలుగు సారు నోట్సు చెప్పరు. పద్యం చదివి ‘మీకేమనిపించింది?’ అంటారు. మా ఊరి మాట నోట్లోంచి వస్తే నవ్వుతారని నేను తల దించుకుంటాను. గజేంద్రమోక్షం పద్యం మీద గైడ్‌లో ఉన్నది ఒక్క ముక్క పోకుండా రాస్తే 20కి 7 వేశారు. ‘ఇందులో నువ్వెక్కడున్నావమ్మా?’ అని అందరి ముందూ అడిగారు. ఇంటర్ తెలుగులో నాకు 94. ‘తెలుగులో కూడానా?’ అని అన్న నవ్వాడు. మానేయాలనిపిస్తోంది.

జవాబు: బిడ్డా, నలుగురి ముందు అలా అడగడం తప్పే. ఇల్లు వదిలి కొత్తగా వచ్చిన పిల్లకు అదెంత గుచ్చుకుంటుందో ఆ సారు ఆలోచించాల్సింది.

మార్కుల సంగతి వేరు. ఇంటర్ దాకా నిన్ను ప్రతిపదార్థం, తాత్పర్యం అడిగారు. అడిగింది రాశావు, 94 వచ్చాయి. ఇప్పుడు అడిగేది మారింది, మారిందని నీకెవరూ చెప్పలేదు. పిల్లలకు ఇదంతా తెలిసే ఉంటుందని ఆయన అనుకున్నారు. ఆయనకు పాఠం చెప్పడం ఇష్టం లేదని నువ్వు అనుకున్నావు. ఒకే గైడ్ జవాబును కట్టలకొద్దీ దిద్దిన విసుగు కూడా ఆ మాటలో ఉండి ఉంటుంది.

ఆ పద్యమే చూద్దాం. ‘లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె...’ లావంటే ఇక్కడ బలం. ఇది తెలియకపోతే పద్యం తలకిందులవుతుంది, అందుకే గైడ్‌ను పారేయమని నేను చెప్పను. కానీ ‘ఠావులు అంటే స్థానాలు’ అని రాసి ముందుకు పోకుండా కాసేపు అక్కడే ఆగు. ఒంట్లో బాగాలేనప్పుడు మన ముసలమ్మలు ‘పానం నిమ్మలం లేదు’ అంటారు కదా, ఈ ఏనుగు బాధ దానికెంత దగ్గరో చూడు. అంత పెద్ద జంతువు చేత పోతన ‘నాతోని ఐతలేదు’ అనిపించాడు. ఈ పద్యం శార్దూల వృత్తం, అంటే పొడుగు పాదాలుండే ఛందస్సు, అయినా మాటలు పొట్టిపొట్టిగా తెగిపడుతున్నాయి. ఎందుకు? ఊపిరి అందని ప్రాణి అంతకంటే పొడుగు మాట అనగలదా?

నువ్వెక్కడున్నావంటే నీ కష్టాలు రాయమని కాదు. ఏ మాట దగ్గర ఆగావో, ఎందుకు ఆగావో చెప్పమని.

ఊరి మాటంటే భయపడుతున్నావు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులను పోగేసి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. తల దించుకున్న క్లాసును చూసి వీళ్లకేమీ రాదనుకోవడం కూడా అలాంటి పొరపాటే. పరీక్షలో రాసేది రాత భాషలోనే రాయి. ఆలోచన మాత్రం నీ మాటలోనే మొదలుపెట్టు.

ఈ వారంలో ఆ పేపరు పట్టుకుని, క్లాసులో కాకుండా స్టాఫ్ రూముకు వెళ్లు. ‘సార్, ఇంటర్‌లో ఇట్లాగే రాసినం. మీకు ఎట్లా కావాలో ఒక్క పద్యానికి చూపిస్తరా?’ అని అడుగు. అదే పద్యం మీద సొంతంగా నాలుగు వాక్యాలు రాసి తీసుకెళ్లు, తప్పులున్నా సరే. అందరి ముందూ అడిగినందుకు బాధపడ్డావని కూడా చెప్పు. వినే మనిషైతే మళ్లీ అలా చేయరు.

మీ అన్న నవ్వు నిన్ను 7 మార్కుల కంటే ఎక్కువ బాధపెట్టిందని నీ ఉత్తరంలో తెలుస్తోంది. పండక్కి ఇంటికెళ్లినప్పుడు ఆ మాట వాడితోనే నేరుగా అను.